గాలం కొన్నవారు మిక్సీ కూడా కొన్నారు

మీరు ఫోనులో ఒక జత చెప్పులు చూస్తారు. చూసి ఊరుకుందామనే అనుకుంటారు. కింద ఒక వరస కనిపిస్తుంది: "ఇవి కొన్నవారు వీటిని కూడా కొన్నారు." అక్కడ మేజోళ్ళుంటాయి, పాలిష్ డబ్బా ఉంటుంది, చెప్పులతో ఏ చుట్టరికమూ లేని గొడుగు ఒకటి ఉంటుంది. మీరు చెప్పులు మానేసి గొడుగు కొంటారు. ఎందుకు కొన్నావురా అని ఇంట్లో అడిగితే, "అందరూ కొంటున్నారు" అంటారు. ఆ కొన్నవారెవరో పెద్దమనుషులని, ఆచితూచి, ఆరా తీసి కొనే బుద్ధిమంతులని మీ నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టడం నాకు ఇష్టం లేదు గానీ, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఒకప్పుడు మిచిగన్ రాష్ట్రంలో ఆ కొన్నవారం మేమే.

ఇప్పుడంటే ఉద్యోగానికి వయసు మళ్ళకముందే నమస్కారం పెట్టేసి, ఇంట్లో మా ఆవిడకి అసిస్టెంటుగా చేరాను కాబట్టి నిర్భయంగా చెబుతున్నాను. ఇది రెండువేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతపు కథ. ఊరు నోవై. అక్కడి చలి గురించి అతిశయోక్తి లేకుండా చెప్పాలంటే, బాల్కనీలో ఆరేసిన నా లుంగీ సాయంత్రానికి తలుపులా బిగిసిపోయేది. దాన్ని మడతపెట్టడానికి సుత్తి కావలసి వచ్చేది.

మా క్లయింట్ ఆ రాష్ట్రంలోనూ చుట్టుపక్కలా దుకాణాలున్న ఒక కంపెనీ. గుండుసూది మొదలు గూటిపడవ దాకా అమ్మేవారు. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఏ వస్తువు కింద ఏది చూపించాలో అప్పటిదాకా మర్చండైజింగ్ వాళ్ళు, అంటే సరుకు పేర్చే శాఖవాళ్ళు, తోచినట్టు చేత్తో రాసేవారు. ఇకమీదట తోచడాలు వద్దు, అమ్మకాలే చెప్పాలి అన్నారు పైవాళ్ళు. ఒకే ఆర్డర్‌లో తరచు కలిసి వెళుతున్న వస్తువులేవో ప్రోగ్రాం వెతకాలి, వాటికి జత కలిపి వరసగా చూపించాలి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, వస్తువులకి పెళ్ళిళ్ళ పేరయ్య ఉద్యోగం.

మా జట్టులో ముఖ్యులం ముగ్గురం. ప్రోగ్రాం రాసినావిడ నర్సాపురం మనిషి. ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడేది, సోమవారం నుంచి మాకు పాఠాలు చెప్పేది. మమ్మల్నందరినీ "బ్రదర్" అనేది, మేం "సిస్టర్" అనేవాళ్ళం. మా లీడు హన్మకొండ మనిషి. మాట కరుకు, మనసు వెన్న, పవర్‌పాయింట్ బలహీనత. మూడోవాణ్ణి నేను, టెస్టర్‌ని. అందరూ చేసిన పనిలో తప్పులు వెతికి జీతం తీసుకోవడం నా వృత్తి. మా అత్తగారికి ఊరికే వచ్చిన విద్య నేను ఫీజు కట్టి, సర్టిఫికెట్ తెచ్చుకుని నేర్చుకున్నాను.

మా అందరికీ ఆ ప్రాజెక్ట్ ఒక ఉద్యోగం. సిస్టర్‌కి మాత్రం అది కాపురం. ఆవిడ వీసా గడువు ఆ వేసవితో అయిపోతుంది. ఎక్స్‌టెన్షన్ కావాలంటే, పని ఇంకా ఉందని క్లయింట్ లెటర్ ఇవ్వాలి. లెటర్ రావాలంటే ప్రాజెక్ట్ నిలవాలి. ప్రాజెక్ట్ నిలవాలంటే ముందు పైలట్, అంటే చిన్న ప్రాంతంలో చేసి చూసే ప్రయోగం, గెలవాలి. భర్తది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. పాప ఒకటో తరగతిలో ఉంది, స్నో పడితే సెలవిస్తారని రోజూ ఆకాశం వైపు ప్రార్థన చేసేది. తల్లి ప్రార్థన వేరు.

ఇక ఉమ్మడి కార్ట్ గురించి చెప్పాలి. ఆ వెబ్‌సైట్‌లో ఒక మొత్తం దాటి కొంటే షిప్పింగ్ ఫ్రీ. తెలుగువాడు దేనికైనా డబ్బిస్తాడు గానీ షిప్పింగ్‌కి ఇవ్వడు. అది మన రక్తంలో లేదు. అందుకని మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఎవరికేం కావాలన్నా ఒకరి అకౌంట్‌లో అందరి సరుకూ వేసి ఒకేసారి ఆర్డర్ కొట్టేవాళ్ళం. బిల్డింగ్‌కి ఒకరు బాధ్యులు. ఉమ్మడి కుటుంబానికి కర్త ఉన్నట్టు ఉమ్మడి కార్ట్‌కీ కర్త ఉండాలి కదా, మా బిల్డింగ్‌కి ఆ పదవి నాది. శుక్రవారం మధ్యాహ్నం నాకు వచ్చినన్ని ఫోన్లు కలెక్టర్‌కి వచ్చి ఉండవు. ఒకరికి డైపర్లు, ఒకరికి డంబెల్సు, ఒకరికి కర్టెన్లు. పెట్టెలు దిగే రోజు మా గుమ్మం ముందు పెళ్ళివారి విడిదిలా ఉండేది.

ఆ చలికాలం మా లీడుకి చేపల పిచ్చి పట్టింది. కారణం మా క్లయింట్ వైస్ ప్రెసిడెంట్ గారు. ఆవిణ్ణి మేం మాలో మేం పెద్దమ్మగారు అనుకునేవాళ్ళం. గడ్డకట్టిన చెరువు మీద కుర్చీ వేసుకుని, మంచుకి కన్నం పెట్టి, అందులోకి గాలం వదిలి చేపలు పట్టడం ఆవిడ వంశాచారం. ఆవిడ గదిలో గోడకి ఒక చేప ఫోటో ఉండేది. పెళ్ళి ఫోటో దాని కింద, చిన్నది.

"అన్నా, గీమెతోని పని వడాల్నంటే చేపలు పట్టుడు నేర్వాలె," అన్నాడు లీడు. "స్లైడ్లతోని కాదు."

అన్నవాడు అన్నట్టే ఒక గాలం కొన్నాడు. తను కొని ఊరుకోక టీమ్ స్పిరిట్ పేరుతో కాంప్లెక్స్‌లో మగవాళ్ళందరి చేతా కొనిపించాడు. అన్నీ ఉమ్మడి కార్ట్‌లలోనే. శనివారం పొద్దున్నే మేమంతా స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, రగ్గుల మూటల్లా చెరువు మీద కూర్చునేవాళ్ళం. చేపలు పట్టడం మాట ఎలా ఉన్నా, అందరికీ జలుబు పట్టింది.

సరిగ్గా ఆ వారాల్లోనే మా ఆవిడ ఒక మహత్తర విషయం కనిపెట్టింది. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీలు ఇక్కడి కరెంటు దెబ్బకి ఒక్కొక్కటే కాలిపోతున్నాయి. అదే వెబ్‌సైట్‌లో అమ్మే ఒక అమెరికన్ బ్లెండర్, అంటే మన భాషలో మిక్సీయే, మినప్పప్పుని వెన్నలా రుబ్బుతుందని ఆవిడ ప్రయోగపూర్వకంగా నిరూపించింది. వార్త కాంప్లెక్సంతా గుప్పుమంది. ఆ వారం ఏ బిల్డింగ్ కార్ట్‌లో చూసినా భర్తకొక గాలం, భార్యకొక మిక్సీ. సిస్టర్ కూడా నా కార్ట్‌లో తమ చర్చికి మడత కుర్చీలు తెప్పించుకుంది.

మా పైలట్‌కి నోవై చుట్టుపక్కల ఆర్డర్లు మాత్రమే ఇచ్చారు. చిన్న ప్రాంతం, చలికాలం, వెబ్‌సైట్‌లో కొనేవాళ్ళు తక్కువ. ఆ తక్కువలో మేమెంత ఎక్కువో మాకు తట్టలేదు.

పైలట్ మొదలైంది. గాలం పేజీ కింద, చిలక్కి జోస్యం వచ్చినంత ధైర్యంగా, ప్రోగ్రాం మూడు బొమ్మలు చూపించింది: మడత కుర్చీ, మిక్సీ, మళ్ళీ ఇంకో రంగు మిక్సీ.

నేను టెస్టర్‌ని కనుక అనుమానించాను. కానీ అనుమానం నోటిదాకా వచ్చేలోపు అమ్మకాలు వచ్చాయి. గాలం కొనడానికి వచ్చిన అమెరికన్లు నిజంగానే మిక్సీలు కొనడం మొదలుపెట్టారు! ఒకరూ ఇద్దరూ కాదు. మిక్సీల గోడౌన్ మేనేజర్ ఫోన్ చేసి, "మీ ఊళ్ళో ఏం జరుగుతోంది?" అని అడిగేంతగా.

పెద్దమ్మగారు పొంగిపోయారు. మీటింగ్ పెట్టారు. ఆ మీటింగ్‌లో విన్న సిద్ధాంతాలు నేను ఈ జన్మకి మర్చిపోను. ఒకాయన, జాలర్లకి ఆరోగ్య స్పృహ పెరిగిందన్నాడు. ఒకావిడ, వేడి సూప్ కోసమంది. మర్చండైజింగ్ పెద్దాయన గొంతు సవరించుకుని, "స్మూతీలండీ. పండ్లూ ఐసూ కలిపి కొట్టుకుంటారు. చెరువు మీద ఐస్ ఊరికే దొరుకుతుంది కదా," అన్నాడు. చెరువు మీద ప్లగ్ ఎక్కడుంటుందని ఎవరూ అడగలేదు. అంకెలు బాగున్నప్పుడు ప్లగ్ గురించి అడగకూడదు, అది కార్పొరేట్ సంస్కారం.

"అన్ని దుకాణాల్లో గాలాల పక్కన మిక్సీలు పేర్చండి. వచ్చే సోమవారం ఫైనల్ చేద్దాం," అన్నారు పెద్దమ్మగారు. మా లీడు బల్ల కింద నా కాలు తొక్కాడు. ఆనందం వస్తే ఆయన పక్కవాడి కాలు తొక్కుతాడు. పైలట్ గెలిచినట్టే. సిస్టర్ లెటర్ వచ్చినట్టే.

ఆ ఆదివారం తెలుగు చర్చిలో పాట్‌లక్. తలా ఒక వంటకం తెచ్చి ఒకే బల్ల మీద పెట్టుకుని అందరూ తినే భోజనం. నేను గుడికి వెళ్ళేవాణ్ణే అయినా పాట్‌లక్‌ల విషయంలో సర్వమత సమానుణ్ణి. ఆ రోజు ఎవరేం తెస్తారో మాట్లాడుకోవడం మర్చిపోయారట, ఆరుగురు చికెన్ బిర్యానీయే తెచ్చారు. బల్ల మొత్తం బిర్యానీ. చివర దిక్కులేనట్టు ఒక గిన్నె పెరుగు. నేను ఆరూ రుచి చూసి, న్యాయమూర్తిలా మడత కుర్చీలో వెనక్కి వాలాను.

అప్పుడే ఒక అమెరికన్ పెద్దాయన, ఆ చర్చి బిల్డింగ్ చూసుకునేవాడు, తలుపులోంచి తొంగిచూసి, "మీ ఇళ్ళల్లో రోజూ ఇంత బిర్యానీ తింటారా?" అన్నాడు.

అందరూ నవ్వారు. సిస్టర్ నవ్వలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"బ్రదర్, లేవండి."

"ఇంకో విడత తినాలమ్మా."

"ఆ కుర్చీ చూడాలి, లేవండి. ఇది మీ కార్ట్‌లోనే కదా తెప్పించాను? అదే కార్ట్‌లో ఇంకేం ఉన్నాయి?"

"ఏముంటాయి, మన లీడు గాలం, మా ఆవిడ మిక్సీ..."

చెబుతూ చెబుతూనే నా నోట్లో బిర్యానీ రుచి మారిపోయింది. మంచు మీద స్మూతీ తాగే ఆ ఆరోగ్యవంతుడైన అమెరికన్ జాలరి ఈ భూమ్మీద లేడు. ఉన్నది దోసెపిండి రుబ్బుకునే మా ఆవిడ.

"మరి నిజంగా కొంటున్నారుగా సిస్టర్? అవి మన కార్ట్‌లు కావుగా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఇప్పుడే, ఇంటికెళ్ళే దారిలో దుకాణానికి వెళ్దాం. కొన్నవాళ్ళు ఏమంటున్నారో విందాం."

కొన్న వస్తువు నచ్చకపోతే తిరిగి ఇచ్చేసే కౌంటర్ దగ్గర నిలబడ్డాం. ఆన్‌లైన్‌లో కొన్నవీ అక్కడే ఇవ్వొచ్చు. అక్కడ లైను తిరునాళ్ళలా ఉంది, లైనులో మిక్సీలున్నాయి. ఒకాయన పొట్ట దాకా గడ్డం, తల మీద చేప బొమ్మ ఉన్న టోపీ, చంకలో విప్పని మిక్సీ పెట్టె. సిస్టర్ చాలా మర్యాదగా అడిగింది, ఎందుకు కొన్నారని.

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "గాలం కొందామని వెబ్‌సైట్‌లోకి వెళ్ళాను. నాలాంటివాళ్ళు ఇది కూడా కొన్నారని రాసుంది. వాళ్ళకి తెలిసింది నాకు తెలియదేమో అనుకున్నాను."

"కొన్నాక?"

"ఇంటికి వెళ్ళి పెట్టె ముందు కూర్చుని ఆలోచించాను. ఏమీ తట్టలేదు. మా ఆవిడ అడిగింది, చేపని ఇందులో వేస్తావా అని."

నాకు నవ్వు రావాలి, రాలేదు. పుట్టినప్పటి నుంచి గాలం వేస్తున్న మనిషి, తన బుర్ర కన్నా తెర మీద ఒక వాక్యాన్ని ఎక్కువ నమ్మాడు. ఎందుకంటే ఆ వాక్యం "కొను" అనలేదు, "నీలాంటివాళ్ళు కొన్నారు" అంది. కొనమంటే మనిషి బేరమాడతాడు. పక్కవాడు కొన్నాడంటే పర్సు తీస్తాడు. ఇది నేను కనిపెట్టిన సూత్రం, దీని మీద హక్కులన్నీ నావే.

ఆ సాయంత్రమే మా లీడుని కార్లో కూర్చోబెట్టి విషయం చెప్పాం. కారు హీటర్ కన్నా ఆయనే వేడెక్కాడు.

"గిదేందన్నా! అమ్ముడువోతున్నయా లేవా? ఆమె ఖుష్, మనం ఖుష్. మిక్సీ కొన్నోడు ఏమన్న సచ్చిపోయిండా?"

"చచ్చిపోలేదు అన్నా, తిరిగి తెచ్చిచ్చాడు," అంది సిస్టర్. "మనం అమ్మినవే లెక్కపెట్టాం. తిరిగొచ్చినవి లెక్కపెట్టలేదు."

"ఎవరు అడిగిన్రు లెక్కవెట్టమని? ఇగో చెల్లె, నీ కోసమే చెప్తున్న. పైలట్ పోతే ముందుగాల నీ లెటరే పోతది. నాకేం, గ్రీన్ కార్డున్నది. నువ్వు పాపను తీస్కొని యాడికి పోతవ్?"

ఆయన కోపంలో అంత ప్రేమ ఉందని నాకప్పుడే తెలిసింది.

"అన్నా, రేపు ఫైనల్ చేసి అన్ని దుకాణాల్లో పేరుస్తారు," అంది సిస్టర్. " నాలాంటివాళ్ళు కొన్నారంట అని జనం కొంటారు. ఎండలొచ్చేసరికి అన్నీ తిరిగొస్తాయి. అప్పుడు ఎవరు రాశారు ఈ ప్రోగ్రాం అంటారు. నా లెటర్ ఆ మిక్సీ మీద నిలబడితే, మిక్సీతో పాటు నేనూ తిరిగెళ్తాను. ఈలోపు ఆ గడ్డం ఆయన్నెందుకు బోల్తా కొట్టించడం?"

లీడు హీటర్ తగ్గించాడు. "మరి స్లైడ్లు మార్చాల్నా?" అన్నాడు. ఆయన లొంగిపోవడం అంటే అదే.

సోమవారం వచ్చింది. గదిలో మర్చండైజింగ్ దళం మొత్తం ఉంది. బల్ల చివర పెద్దమ్మగారు. మామూలుగా మాట్లాడేది లీడు, బొమ్మలు మార్చేది నేను, ప్రశ్నలొస్తే తప్ప సిస్టర్ పలకదు. ఆ రోజు లీడు లేచి, "ఈ రోజు మా ఇంజినీర్ మాట్లాడుతుంది," అని కూర్చున్నాడు. పవర్‌పాయింట్ ఉండగా ఆయన స్వచ్ఛందంగా కూర్చోవడం చరిత్రలో అదే మొదలు.

సిస్టర్ నిలబడింది.

"మ్యామ్, మీ చర్చిలో పాట్‌లక్ ఉంటుందా?"

పెద్దమ్మగారు ఆశ్చర్యపోయారు. "ఉండకేం? ప్రతి నెలా ఉంటుంది."

"మీరేం తీసుకెళ్తారు?"

"బంగాళాదుంపల వంటకం. మా అమ్మ చేసినట్టు ఊళ్ళో ఎవరూ చేయలేరు."

"ఆ రోజు మీ బల్ల మీదున్న గిన్నెలన్నీ చూసి, ఈవిడ ఇంట్లో రాత్రి భోజనానికి ఇవన్నీ వండుకుంటుందని ఎవరైనా అంటే?"

"వాడికి పాట్‌లక్ అంటే తెలియదంటాను."

"మా ప్రోగ్రాంకి తెలియదు మ్యామ్. మేం చాలా ఇళ్ళవాళ్ళం కలిసి ఒకే కార్ట్‌లో కొంటాం. గాలం ఒక ఇంటిది, మిక్సీ ఒక ఇంటిది, కుర్చీలు మా చర్చివి. గిన్నెలు వేరు, బల్ల ఒకటి. ప్రోగ్రాం బల్లని చూసి ఒకే మనిషి అనుకుంది."

పెద్దమ్మగారు కళ్ళద్దాలు తీశారు.

"ఆ గాలం ఎవరిది?"

మా లీడు బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

"మిక్సీ?"

"మా ఆవిడది," అన్నాను. "దోసెపిండికి."

"అంటే, నేను దుకాణాలన్నీ సర్దించబోతున్నది, స్మూతీలు తాగే నా జాలరి కోసం..."

"మా ఆవిడే మ్యామ్. ఆవిడకి చేపలంటే వాసన పడదు."

ఎవరో నవ్వబోయి దగ్గారు. స్మూతీల పెద్దాయన సీలింగ్‌లో ఏదో పరిశీలిస్తున్నాడు. పెద్దమ్మగారు మాత్రం నవ్వలేదు. "కానీ జనం నిజంగా కొన్నారు కదా?"

"కొన్నారు మ్యామ్. చాలామంది తిరిగి ఇచ్చేస్తున్నారు." సిస్టర్ గడ్డం పెద్దాయన మాటలు ఉన్నవున్నట్టు చెప్పింది: వాళ్ళకి తెలిసింది నాకు తెలియదేమో అనుకున్నాను. "ఆయన మన మాట నమ్మి కొన్నాడు. రెండోసారి నమ్మడు. అప్పుడు కింద మనం నిజం చూపించినా చూడడు."

నేను సిస్టర్ వైపు చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. ఆ క్షణంలో ఆవిడ ఏం ప్రార్థించిందో నేనడగలేదు.

"పైలట్ ఫెయిలయింది," అన్నారు పెద్దమ్మగారు. మా లీడు నా కాలు తొక్కాడు. దుఃఖం వచ్చినా తొక్కుతాడని ఆ రోజే తెలిసింది. "దుకాణాల ఆర్డర్ ఆపేయండి." అని సిస్టర్ వైపు తిరిగారు. "ఈ గదిలో ప్రతి మనిషీ ఆ మిక్సీని నాకు అమ్మాడు. తిరిగి తెచ్చిచ్చింది నువ్వొక్కదానివే. సరిచేయడానికి ఎంత టైం కావాలి?"

"మంచు కరిగేలోపు చేస్తాను మ్యామ్."

చేసింది. ఎలా చేసిందో మీలో ప్రోగ్రాంలు రాసేవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఒకే కార్ట్‌లో మగవాళ్ళ బూట్లు నాలుగు సైజుల్లో ఉంటే అది కుటుంబం కాదు, కాంప్లెక్స్. అలాంటి కార్ట్‌ని గుర్తుపట్టి జతల లెక్కలోంచి తప్పించింది. రెండోది, అమ్మినదాన్ని కాక, తిరిగివ్వకుండా జనం ఇంట్లో పెట్టుకున్నదాన్నే లెక్కలోకి తీసుకుంది. ఉమ్మడి కార్ట్‌ని పట్టుకునే ఆ భాగానికి "కర్త" అని పేరు పెట్టింది. అమెరికన్లు దాన్ని "కార్టా" అని పిలిచి, ఏదో ఇటాలియన్ టెక్నాలజీ అనుకున్నారు.

ఆవిడ ప్రోగ్రాంని మోసం చేయడం నా పని. మా ఆవిడ సలహాతో నేను వేసిన దొంగ కార్ట్‌లు అన్నీ ఇన్నీ కావు. మామగారి పంచె పక్కన మనవరాలి గజ్జెలు పెట్టినట్టు, దేని పక్కన దేన్నో పెట్టేవాణ్ణి. నేనొకటి వేస్తే సిస్టర్ ఒకటి పట్టేది. చివరికి నేను చేతులెత్తేశాను. అన్నేళ్ళ ఉద్యోగంలో తప్పు దొరకనందుకు ఆనందపడింది అప్పుడే. మా లీడు పాపని స్కూల్ నుంచి తెచ్చే డ్యూటీ తనే తీసుకున్నాడు, సిస్టర్ పని ఆగకూడదని.

మంచు పలచబడుతుండగా మళ్ళీ అదే గది, అదే బల్ల. గాలం పేజీ తెరిచాను. కింద మూడు బొమ్మలు: గాలానికి కట్టే దారపుండ, కొక్కేల డబ్బా, చేతి తొడుగులు.

పెద్దమ్మగారు ముందుకి వంగి చూశారు. "ఇందులో ఆశ్చర్యమేమీ లేదే."

"లేదు మ్యామ్," అంది సిస్టర్. "ఆశ్చర్యంతో కొన్నవే తిరిగొస్తున్నాయి."

పెద్దమ్మగారు మొదటిసారి నవ్వారు. "ఈ దారం నేను కొంటున్నాను. తిరిగి పంపేది లేదు. ఈ అమ్మాయిని కూడా తిరిగి పంపేది లేదు. ఆ లెటర్ ఏదో తెండి, సంతకం పెడతాను."

సిస్టర్ కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మా లీడు లేచి చప్పట్లు కొట్టాడు. నేనూ లేచాను. స్మూతీల పెద్దాయన కూడా లేచాడు. తెర మీద ఒక దారపుండ, దాని ముందు నిలబడి చప్పట్లు కొడుతున్న కంపెనీ. చాలా అవార్డు సభలు చూశాను, అంత అర్హత ఉన్న సత్కారం నేను మళ్ళీ చూడలేదు.